ఉల్టా తిరిగిన డ్రమ్ము

"గట్ల కాదు. మూడు పాయలు చెయ్యి. నువ్వు రెండే పట్టుకొని తాడు పేనుతున్నవ్."

లింగమ్మ దవాఖాన మంచం మీద కూర్చుని మొగుణ్ణి తిడుతోంది. ఆమె కుడిచేయి మోచేతి పైనుంచి వేళ్ల దాకా తెల్లకట్టులో ఉంది. యాదగిరి ఆమె వెనకాల కూర్చుని, రబ్బరు బ్యాండు పళ్ల మధ్య పట్టుకుని, భార్య జుట్టుతో కుస్తీ పడుతున్నాడు. యాభై దాటిన మనిషి. జడ వేయడం ఇదే మొదటిసారని చూస్తేనే తెలుస్తోంది.

గోపయ్య వార్డు గుమ్మంలో ఆగి గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై. సాయంత్రం ఐదింటికి క్యాథరిన్‌ను ఠాణాలో అప్పగించాలి. ఈలోగా అసలు సంగతి తేలకపోతే ఆ పిల్ల రాత్రి లాకప్పులో పడుకుంటుంది.

క్యాథరిన్ అతని పాత దోస్తు జ్ఞానదాసు కూతురు. ముప్పై ఏళ్ల కింద కాటేదాన్‌లో ఒకే షెడ్డులో గోపయ్య, జ్ఞానదాసు పక్కపక్కన కూర్చుని మోటార్లకు తీగ చుట్టారు. తర్వాత గోపయ్య ఆ పని వదిలి, శంషాబాద్‌లో గది కిరాయికి తీసుకుని ప్రైవేటు డిటెక్టివు అయ్యాడు. జ్ఞానదాసు మోటార్లతోనే ఉండిపోయాడు. అతని కూతురు డిప్లొమా చదివి, మోటారు వేగాన్ని తగ్గించి పెంచే డ్రైవులు సొంతంగా తయారు చేస్తోంది. అలాంటి డ్రైవు పెట్టిన మిషనే నిన్న సోమవారం లింగమ్మ చేయి విరిచింది. నాసిరకం సామాను పెట్టి మనిషి ప్రాణం మీదికి తెచ్చిందని క్యాథరిన్ మీద కేసు.

"నువ్వు పోలీసోడివా?" అంది లింగమ్మ.

"కాదు చెల్లె. క్యాథరిన్ దిక్కుకెల్లి వచ్చిన."

"అయితే కూసో. ఆ పొల్ల మంచిది. ఆ పొల్ల డబ్బా పెట్టినంకనే నా భుజాలకు పానం వచ్చింది. అంతకుముందు హైడ్రో మొదలయితే భూమి అదిరేది."

హైడ్రో అంటే ఉతికిన దుప్పట్లలోంచి నీళ్లు పిండే ఇనుప డ్రమ్ము. విమానాశ్రయం చుట్టూ ఉన్న హోటళ్ల దుప్పట్లన్నీ రేఖ మేడం లాండ్రీకే వస్తాయి. లింగమ్మ అక్కడ ఆరేళ్లుగా ఆ డ్రమ్ము దగ్గరే నిలబడుతోంది. యాదగిరి అదే లాండ్రీలో సామాను ఎత్తుతాడు, చిన్నాచితకా కరెంటు పని చూస్తాడు.

గోపయ్య స్టూలు లాక్కున్నాడు. "నిన్న కరెంటు ఎప్పుడు పోయింది?"

"పదకొండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. పదకొండుకు హోటలు బండి వస్తది. గడియారం దిక్కే చూస్తున్న."

"మూత ఎప్పుడు తీసినవ్?"

"డ్రమ్ము మొత్తం ఆగినంకనే. నాకు సోయి లేదనుకున్నవా? సగం పిండిన దుప్పట్లు తీసి తాడు మీద ఏద్దామనుకున్న. ఏసుకుంట ఉన్న. ఇంతల ఫ్యాను తిరిగింది. కరెంటు వచ్చిందనుకున్న."

"ఫ్యాను తిరగంగనే డ్రమ్ము గూడ తిరిగిందా?"

"లే. ఇంకో రెండు దుప్పట్లు తీసిన. మూడోదానికి చెయ్యి పెట్టిన. అప్పుడు..."

యాదగిరి బత్తాయి తొన ఒకటి ఆమె నోట్లో పెట్టాడు. ఆమె మాట ఆగిపోయింది.

"తిననియ్ అన్నా జర. పొద్దటిసంది ఏం తినలే," అన్నాడు యాదగిరి, గోపయ్య ముఖం చూడకుండా.

పక్కబల్ల మీద ఇడ్లీ తిన్న ఆకులు రెండున్నాయి. గోపయ్య వాటిని చూశాడు. ఆమె నమిలి మింగేదాకా ఆగాడు.

"మెల్లగ మొదలైందా, ఒక్కసారా?"

"ఒక్కసారే. ఎద్దు కుమ్మినట్టు."

"చెయ్యి ఎటు గుంజింది?"

లింగమ్మ కళ్లు మూసుకుంది. ఎడమచేయి గాలిలో పెట్టి, డ్రమ్ము అంచు తడుముతున్నట్టు తిప్పింది. "తలుపు దిక్కు."

"రోజూ ఎటు తిరుగుతది?"

"కిటికీ దిక్కు. ఆరేండ్లకెల్లి..." ఆమె కళ్లు తెరిచింది. "అవునే! నిన్న ఉల్టా తిరిగింది."

యాదగిరి చేతిలోని దువ్వెన కింద పడింది. దాన్ని తీసుకోవడానికి అతను మంచం కిందికి వంగి, అవసరానికి మించి అక్కడే ఉన్నాడు.

గోపయ్య లేచాడు. "ఐదింటికి ఆ పిల్లను తీస్కపోతరు చెల్లె. ఇంకేమన్న యాదికొస్తే చెప్పు."

లింగమ్మ మెడ తిప్పి మొగుడి వైపు చూసింది. జడ సగంలోనే విడిపోయింది.

* * *

లాండ్రీ గేటు దగ్గర క్యాథరిన్ టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. వేళ్ల నిండా టంకం మచ్చలు.

"తిన్నవా కాకా?"

"నన్ను తర్వాత అడుగు. నువ్వు పండుకున్నవా?"

"పండుకుంటే డ్రైవే కలలోకొస్తుంది. తిను ముందు. అమ్మ చింతచిగురు పప్పు పెట్టింది. నువ్వు తినకుంటే నన్నే తిడుతది."

అతను గేటు అరుగు మీద కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాడు. తింటూనే అడిగాడు. "నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. నీ డబ్బాలో ఏముంటది?"

"లైను కరెంటు లోపలికొస్తది. దాన్ని ముందు డీసీ చేస్త. బ్యాటరీల ఉన్నట్టు, ఒకే దిక్కు పారే కరెంటు. ఆ తర్వాత ఆరు పెద్ద ట్రాన్సిస్టర్లుంటయ్. ఎవరు ఎప్పుడు తెరవాల్నో, ఎప్పుడు మూయాల్నో చిన్న చిప్పు చెప్తది, మైక్రోకంట్రోలరు. ఆరుగురు వరుస తప్పకుండ కొడితేనే మోటరు తిరుగుతది. వరుస మెల్లగ నడిపిస్తే మోటరు మెల్లగ, జోరుగ నడిపిస్తే జోరుగ."

"ఒకే రోట్లో ఆరుగురు రోకళ్లు దించినట్టు."

"గంతే కాకా. మూత తెరిస్తే చిప్పు ఆరుగుర్ని ఆపుతది. కరెంటు పోయి వస్తే గూడ దానంతటది మొదలు గాదు. పైన ప్యానెల్ రూముకు పోయి బటన్ నొక్కాలె. కావాల్నని గట్ల పెట్టిన. నేను చెయ్యి పెట్టి చూపిస్త, మూత తెరిచి ఉంటే అది కదలనే కదలదు."

"పెడుదువులే," అన్నాడు గోపయ్య చెయ్యి కడుక్కుంటూ.

లోపల శ్రావణ్‌కుమార్ వాళ్ల కోసమే ఎదురుచూస్తున్నాడు. బీమా కంపెనీ పంపిన పరిశోధకుడు. విజయవాడ మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు. గోపయ్యకూ అతనికీ ఇది మూడో కేసు. మొదటి రెండూ శ్రావణ్‌కుమారే గెలిచాడు.

"రండి గోపయ్య గారూ. మీరొస్తారని తెలుసు. రిపోర్టు దాదాపు పూర్తయింది. నాలుగున్నరకు పంపించేస్తాను."

"ఏం రాసినవ్?"

"ఉన్నదే రాశాను. డ్రైవ్ విప్పి చూశాను. ఆరింట్లో మూడు ట్రాన్సిస్టర్లు కాలిపోయి షార్ట్ అయ్యాయి. షార్ట్ అయినదాన్ని చిప్పు ఆపలేదు కదా. మూత స్విచ్చి మొర్రో అన్నా వినేవాడు లేడు. కరెంటు రాగానే మోటారు అదుపు తప్పి పూర్తి వేగంతో తిరిగింది. ఈ అమ్మాయి సొంత తయారీ. ఏ పరీక్షా చేయించలేదు."

"అట్ల జరగదు సార్!" అంది క్యాథరిన్. "షార్టయితే..."

"అమ్మా, దయచేసి. మీరు నిందితురాలు. మీ వివరణ ఠాణాలో ఇవ్వండి."

గోపయ్య ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి ఆపాడు. తర్వాత అడిగాడు. "ఆరుగురు దంచుతుంటే ముగ్గురు రోట్లోనే పడి చచ్చిండ్రనుకో. మిగిలిన ముగ్గురు ఇంకా జోరుగ దంచుతరా శ్రావణ్‌కుమార్?"

"ఉపమానాలు సాక్ష్యం కావు."

"సరే, ఉపమానం వద్దు. ట్రాన్సిస్టర్ షార్టయితే మోటరుకు పోయేది ఒక్కదిక్కు కరెంటు. దానికి మోటరు తిరగదు. మూలుగుతది, బిగుసుకుంటది, ఫ్యూజు కొడుతది. నేను పద్నాలుగేండ్లు తీగ చుట్టిన. కాలిన మోటర్లు వందలు విప్పిన. డ్రైవు చచ్చి మోటరును పరుగెత్తించిందని ఒక్కటి గూడ నా దగ్గరికి రాలే."

శ్రావణ్‌కుమార్ తెలివైనవాడు, మాట పట్టింది. అయినా తగ్గలేదు. "మరి ట్రాన్సిస్టర్లు ఎందుకు కాలాయి? డ్రమ్ము ఎందుకు తిరిగింది? ఆ రెండూ జరిగాయి. మీకు వేరే కారణం ఉంటే చూపించండి. లేకపోతే నా దారికి అడ్డం రాకండి."

"చూపిస్త. సాయంత్రం దాకా నీ వేలు ఆ ట్యాబు మీద పెట్టకు."

గోపయ్య హైడ్రో దగ్గరికి నడిచాడు. నడుము ఎత్తు డ్రమ్ము. వెనక సున్నం గోడ. ఆ గోడ మీద పాత మరకలు బోలెడు. తెల్ల దుప్పట్లకు వేసే నీలిమందు నీళ్లు ఏళ్లుగా చిమ్మిన చుక్కలు. అతను చత్వారపు అద్దాలు పెట్టుకుని ముక్కు గోడకు ఆనేంత దగ్గరగా వంగాడు.

"బిడ్డా, ఇటు రా. ఈ చుక్కలకు తోకలున్నయి చూడు."

పరుగున వచ్చి గోడకు తగిలిన చుక్కకు, అది పోతున్న వైపు సన్నగా తోక సాగుతుంది. వెలిసిన పాత చుక్కల తోకలన్నీ ఒకే వైపు ఉన్నాయి. వాటి మీద పడ్డ ముదురు నీలం చుక్కలు, నిన్నటివి, ఇరవై ముప్పై దాకా ఉన్నాయి. వాటి తోకలన్నీ అవతలి వైపు.

"లింగమ్మ చెప్పింది నిజమే," అన్నాడు గోపయ్య. "నిన్న డ్రమ్ము ఉల్టా తిరిగింది. నీ డ్రైవు ఉల్టా తిప్పుతదా?"

"తిప్పదు కాకా. చిప్పుల ఒక్క దిక్కే రాసిన. లైను వైర్లు తారుమారు చేసి ఇచ్చినా అది అదే దిక్కు తిప్పుతది. ఎందుకంటే ముందుగాల డీసీ అయిపోతది కద, వరుస అక్కడ్నే పోతది. కొత్త వరుస చిప్పు ఇస్తది."

"డైరెక్టుగ లైనుకు కలిపితే?"

"అప్పుడు లైను వరుస ఎట్లుంటే అట్ల..." క్యాథరిన్ తల ఎత్తి పైనున్న ప్యానెల్ రూము వైపు చూసింది.

గోపయ్య రేఖ మేడాన్ని పిలిచాడు. లాండ్రీ యజమానురాలు, నలభై ఐదేళ్ల మనిషి, నిన్నటినుంచి నిద్ర లేక కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మేడం, మీ బోరు నీళ్లు మంచిగనే వస్తున్నయా?"

"ఎక్కడ అన్నా! అది గూడ నిన్నటిసంది సతాయిస్తుంది. మోటరు తిరుగుతది, నీళ్లు సన్నగ దారమంత వస్తయ్. ట్యాంకర్లు తెప్పిస్తున్న. ఆదివారం పొద్దుగాల లైనోళ్లొచ్చి బయటి ట్రాన్స్‌ఫార్మర్ మార్చిండ్రు. ఆనాటిసంది అన్నీ పరేషానే."

గోపయ్య శ్రావణ్‌కుమార్ వైపు తిరిగాడు. "విన్నవా? ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు మూడు తీగల్లో రెండు అటుదిటు పడ్డయి. డైరెక్టుగ నడిచే బోరు ఉల్టా తిరుగుతుంది, అందుకే నీళ్లు లేవు. వ్యవసాయం చేసే ఎవన్నడిగినా చెప్తడు. డ్రైవుల మీద నడిచే ఉతికే మిషన్లు మటుకు పొద్దటిసంది సక్కగనే తిరుగుతున్నయి, పోయి చూడు. నిన్న ఈ హైడ్రో ఉల్టా తిరిగిందంటే అది డ్రైవు మీద నడువలే. ఎవడో లైను డైరెక్టుగ ఇచ్చిండు."

"ట్రాన్సిస్టర్లు?" అన్నాడు శ్రావణ్‌కుమార్. ఈసారి గొంతులో వెటకారం లేదు.

క్యాథరిన్ అందుకుంది. "డ్రైవు వైర్లు మోటరుకు ఉండంగనే ఎవరన్న లైను గూడ దానికే కలిపితే, ఆ కరెంటు వెనకనుంచి నా ట్రాన్సిస్టర్ల మీద పడుతది సార్. అవి కాలినందుకు మోటరు తిరిగింది గాదు. మోటరుకు లైను తగిలినందుకే అవి కాలినయ్."

"చెప్పడం తేలిక," అన్నాడతను. "ఎక్కడ కలిపారో చూపించండి."

పదకొండు ఇనుప మెట్లెక్కితే ప్యానెల్ రూము. ఆవిరి, తడి తగలకుండా క్యాథరిన్ అన్నీ పైన పెట్టించింది. మూలన, ఒకప్పుడు మోటారును నేరుగా లైనుకు కలిపిన పాత స్టార్టరు ఉంది. డ్రైవు పెట్టిన నాడు దాని తీగలు కోసి, చివర్లకు టేపు చుట్టి వదిలేశానని ఆమె చెప్పింది. ఇప్పుడు ఆ తీగలు వదులుగా లేవు. వెనకనుంచి పోయి మోటారు తీగలతో కలిసి ఉన్నాయి. అతుకుల మీద టేపు లేదు. నల్లటి రబ్బరు ముక్కలు బిగించి చుట్టి ఉన్నాయి.

"సైకిల్ ట్యూబు," అన్నాడు గోపయ్య.

లాండ్రీలో ప్రతి వస్తువు మీదా బట్టల నూగు పట్టి ఉంటుంది. గోడ కూడా బూడిదరంగు దుప్పటి కప్పుకున్నట్టే ఉంది. స్టార్టరు పైన మాత్రం జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పున గోడ తెల్లగా బయటపడి ఉంది. నాలుగు మూలలా నాలుగు కొత్త మేకు రంధ్రాలు.

శ్రావణ్‌కుమార్ ఫొటో తీశాడు. "ఏదో డబ్బా తీసేశారు. ఏమిటది?"

గోపయ్య చెప్పలేదు. పొలాల్లో కరెంటు ఏ వేళకొస్తుందో ఎవరికీ తెలియదు. ప్రతిసారీ బావి దగ్గరికి ఎవరు పరుగెత్తుతారు? అందుకని రైతులు స్టార్టరు పక్కన చిన్న ఆటో డబ్బా పెడతారు. కరెంటు పోయి తిరిగొచ్చిన కాసేపటికి అదే మోటారు వేస్తుంది. ఫ్యాను తిరిగాక లింగమ్మ రెండు దుప్పట్లు తీసేంత సమయం దొరికింది. ఆ కాసేపు అదే.

సైకిల్ ట్యూబు, ఆటో డబ్బా. ఈ పని చేసిన చేతులు బోరుబావి దగ్గర పెరిగినవి. ఈ షెడ్డులో కరెంటు ముట్టుకునేవాడు ఒక్కడే. అతని ఊరు కందుకూరు పక్కన, ఎకరన్నర చెలక పొలం. బత్తాయి తొన గుర్తొచ్చి గోపయ్యకు నోరు చేదైంది.

"పేరు తర్వాత చెప్త," అన్నాడు. "ముందు ఈ పిల్ల డ్రైవు సంగతి నీకు నమ్మకం కలగాలె. ఎట్ల?"

"ఇదే డ్రైవ్ వెనక షెడ్డులో రెండో హైడ్రోకీ ఉంది," అన్నాడు శ్రావణ్‌కుమార్. "బ్రేకు చెడి శనివారం నుంచి మెయిన్ తీసేసి ఉంచారట, నిన్న ప్రమాదం తర్వాత షెడ్డుకు తాళం కూడా వేశారు. నాలుగింటికి మెకానిక్ పని అయిపోతుంది. నా ఎదుట నడిపి చూపించమనండి. మూత తెరిస్తే ఆగుతుందో లేదో చూస్తాను."

"చూపిస్త సార్," అంది క్యాథరిన్. రెండు రోజుల్లో ఆ పిల్ల ముఖం మీద వెలుగు రావడం ఇదే మొదలు.

* * *

గోపయ్య దారిలో సబ్‌స్టేషన్ దగ్గర ఆగి రిజిస్టరు చూశాడు. నిన్న కరెంటు పోయింది పదీ యాభై రెండు. వచ్చింది పదకొండూ నాలుగు. రాసుకుని దవాఖానకు చేరేసరికి నాలుగుకు ఏడు నిమిషాలు తక్కువ.

లింగమ్మ ఒక్కతే ఉంది. అతన్ని చూడగానే ఎడమచేత్తో దిండు జరిపింది. దాని కింద పాత తువాలలో చుట్టిన డబ్బా ఉంది. ఒక పక్కన చిన్న నాబు. ఒక వైపు మాన్యువల్, ఒక వైపు ఆటో.

"నీకు ఎప్పుడు తెలిసింది చెల్లె?"

"డ్రమ్ము తిరగకముందే. పైన టక్కుమని కొట్టింది. మా బోరు కాడ గిట్లనే కొడుతది. ఆ సప్పుడుకు తల ఎత్తి చూసిన. ఇంతల చెయ్యి పోయింది." ఆమె గొంతు తగ్గించింది. "పొద్దుగాల చెప్దామనుకున్న. నోట్లె తొన పెట్టిండు. నువ్వు పోయినంక ఆని సంచిల ఇది దొరికింది."

యాదగిరి ఫ్లాస్కుతో లోపలికొచ్చి దిండు పక్కన డబ్బా చూసి గోడకు ఆనుకున్నాడు. ఫ్లాస్కు కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

"ఎందుకు పెట్టినవ్?" అన్నాడు గోపయ్య.

"దినాం ఆరుసార్లు కరెంటు పోతదన్నా. పోయినప్పుడల్లా పదకొండు మెట్లెక్కి బటన్ నొక్కాలె. లింగమ్మకు మోకాళ్లు అరిగినయి. గోడ పట్టుకొని ఎక్కుతది, రాత్రి మూలుగుతది. నేను సామాను బండ్ల మీద తిరుగుతుంట, నేనన్న ఎక్కుదామంటే ఉండను. ఆదివారం సెలవుండె, ఎవ్వరు లేంది చూసి బిగించిన. బోరు కాడ ఏ పొద్దూ ఏం గాలే, ఇక్కడేమైతదనుకున్న. సోమవారం పొద్దుగాల ఆటోల పెట్టిన. దానికి చెప్పలే. మెట్లెక్కకుండనే మిషను నడుస్తే సంబరపడుతదనుకున్న."

"బోరులో ఎవరూ చెయ్యి పెట్టరు యాదగిరీ."

యాదగిరి ఏడ్వలేదు. తల మాత్రం పదేపదే ఊపాడు. "అనుకోలే అన్నా. ఆ ఒక్కటే అనుకోలే."

"డబ్బా ఎందుకు తీసినవ్? ఆ పిల్ల జైలుకు పోతుంటే సూసుకుంట జడలేస్తున్నవా?"

"నేను పోతే దీనికి నీళ్లు తాపేదెవరన్నా? ఎడమచేత్తో బువ్వ గూడ కలుపుకోలేదు. నాలుగు రోజులాగి ఒప్పుకుందామనుకున్న. ఇది తీసి తెచ్చిన. రెండోది తీద్దామంటే ఆ షెడ్డు తాళం మేడం దగ్గరుండె."

గోపయ్య లేచి నిలబడ్డాడు. "రెండోది?"

"వెనక షెడ్డులది. రెండిట్లకూ ఒక్కనాడే పెట్టిన. అక్కడ మెయిన్ తీసేసి ఉంది గద, భయం లేదనుకున్న."

"ఆటోల పెట్టినవా?"

"పెట్టిన."

"మెయిన్ ఏస్తే ఎంతసేపటికి కొడుతది?"

"ఇరవై అయిదు లెక్కపెట్టేసరికి."

గోడ గడియారంలో నాలుగూ ఒకటి. మూత తెరిచి ఉంటే అది కదలనే కదలదు, నేను చెయ్యి పెట్టి చూపిస్త అన్న ఆ పిల్ల మాట గుర్తొచ్చింది. గోపయ్య క్యాథరిన్ నంబరు కొట్టాడు. మోగింది, మోగింది. ఎవరూ ఎత్తలేదు. పనోళ్ల ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వేయించుకుంటారని లింగమ్మ అరిచింది. గోపయ్య జేబులు తడిమి శ్రావణ్‌కుమార్ నంబరు తీశాడు. తొందరలో మొదటిసారి తప్పు నంబరు పోయింది. రెండోసారి కలిసింది.

"గోపయ్య గారూ, మంచి సమయానికి చేశారు. మెయిన్ నేనే వేశాను. మీ అమ్మాయి మూత తీసి..."

"ఎంతసేపయింది?"

"పది, పదిహేను సెకన్లు. ఎందుకు?"

"చెయ్యి తీయించు! గుంజు ఆ పిల్లను! డ్రమ్ములకెల్లి చెయ్యి తీయించు!"

ఫోను కింద పడ్డ చప్పుడు. ఎవరిదో కేక. ఏదో బరువుగా నేలకు తగిలింది. ఆ వెంటనే ఇనుము హోరు, దాని మీద టపాకాయ పేలినట్టు శబ్దం. గోపయ్య ఫోను చెవికి నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. లింగమ్మ మంచం దిగబోతే యాదగిరి పట్టుకున్నాడు.

హోరు మెల్లగా ఆగింది. ఫోనులో గరగర.

"కాకా..." సన్నటి గొంతు. "సార్ నన్ను సిమెంటు మీద ఇసిరేసిండు. మోకాలు చీరుకపోయింది."

"చేతులు?"

"రెండూ ఉన్నయి కాకా."

గోపయ్య మంచం అంచు మీద కూలబడ్డాడు. "మూత తెరిస్తే కదలదంటివి గదనే, గాడిదా," అన్నాడు. అటువైపు ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది.

శ్రావణ్‌కుమార్ ఫోను తీసుకున్నాడు. రొప్పుతున్నాడు. "డ్రమ్ము వ్యతిరేక దిశలో తిరిగింది. తిరగడం మొదలయ్యాకే డ్రైవ్ పేలింది. ఎదురుగా నిలబడి చూశాను. నా రిపోర్టు చించేస్తున్నాను గోపయ్య గారూ. కానీ ఐదింటికి ఠాణాలో ఒక పేరు చెప్పాలి. ఈ అమ్మాయిది కాకపోతే ఎవరిది?"

"తెస్తున్న," అన్నాడు గోపయ్య, ఫోను పెట్టేశాడు.

జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. యాదగిరి ఎదురుగా నేల మీద కూర్చుని, అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. ట్యూబు ఎక్కడ కోశాడు, మేకులు ఎప్పుడు కొట్టాడు, నాబు ఎన్ని గంటలకు తిప్పాడు, డబ్బా ఎప్పుడు పీకాడు. గోపయ్య ఒక్క అక్షరం తగ్గించలేదు. యాదగిరి కింద సంతకం పెట్టి, లేచి, తువాల భుజాన వేసుకున్నాడు.

"ఆగు," అంది లింగమ్మ. "సాక్షి సంతకం నాది. నా చెయ్యి గద విరిగింది." ఎడమచేతికి పెన్ను తీసుకుంది. కాగితం మీద పెట్టబోయి ఆగింది.

"మెట్లు రాసినవా అన్నా?"

"ఏం మెట్లు?"

"పదకొండు మెట్లు. నా మోకాళ్లు. బటన్ పైనెందుకు పెట్టిండ్రు, కింద పెట్టమని మేడాన్ని ఎన్నిసార్లడిగిన, అది రాయి. ఈడు చేసిన తప్పు రాసినవ్. ఎందుకు చేసిండో గూడ రాస్తేనే నేను చెయ్యి పెడుత."

గోపయ్య గడియారం చూశాడు. నాలుగూ ఇరవై రెండు. ఠాణా పావుగంట దూరం.

కాగితం తిప్పి, వెనకవైపు మొదటి మెట్టు నుంచి రాయడం మొదలుపెట్టాడు.